బైపీసీ అమ్మాయికి సముద్రగర్భం మీద మనసైతే?

ప్రశ్న: మాది గాజువాక. మా పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ. నీట్ వద్దంటోంది. సముద్రం అడుగున కొత్త భూపటలం పుట్టే చోటు గురించి చదువుతానంటోంది. జియాలజీలో చేర్పిస్తే బయాలజీ వృథా కాదా?

జవాబు: కాదండి. పాప చెప్పే ఆ చోటే రెండు సబ్జెక్టులూ కలిసే చోటు. సముద్రాల నడుమ సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున రిడ్జ్‌లు, అంటే నీటి అడుగున కొండల వరసలు ఉన్నాయి. అక్కడ భూమి పైపెంకు ముక్కలైన ఫలకాలు అటూఇటూ జరిగేకొద్దీ, కింద ఉన్న వేడి రాతిపొర (మాంటిల్) పైకి లేస్తుంది. వేడి పెరిగి కరుగుతుందని చాలామంది పిల్లలు రాసేస్తారు, అది తప్పు. పైకొస్తూ ఒత్తిడి తగ్గడం వల్లే కొంత కరుగుతుంది. అది చల్లారి బసాల్ట్ అనే నల్లరాయి అవుతుంది, అదే కొత్త భూపటలం.

పగుళ్లలోకి దిగిన నీరు 350 డిగ్రీల దాకా కాగి బయటికి చిమ్ముతుంది. రెండున్నర కిలోమీటర్ల లోతులో దాదాపు 250 అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది కాబట్టి మరగదు. 1977లో గాలపాగోస్ దగ్గర ఇలాంటి ఊటల చుట్టూ జీవులు కనిపించాయి. అక్కడి బ్యాక్టీరియాకు ఎండ అక్కర్లేదు, హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచే శక్తి తీసుకుంటుంది. అయినా ఊట నడిమధ్యలో ఏదీ బతకదు, ఎందుకు? జవాబు పాప జీవాణువుల (బయోమాలిక్యూల్స్) పాఠంలోనే ఉంది. అమైనో ఆమ్లాలు ఒక్కో బంధానికి ఒక్కో నీటి అణువును వదులుతూ గొలుసుగా చేరి, మడతపడితేనే ప్రోటీన్ పనిచేస్తుంది. వేడికి ఆ మడత విప్పుకుంటుంది. ఉడికిన గుడ్డులో తెల్లసొన గట్టిపడేది అందుకే. ల్యాబ్‌లో పెరిగిన సూక్ష్మజీవికి తెలిసిన గరిష్ఠ వేడి 122 డిగ్రీలు.

ఇక దారి. డిగ్రీలో జియాలజీ ఉండి తీరాలి, పక్కన కెమిస్ట్రీ ఉంటే మంచిది. జియాలజికల్ సర్వేలో జియాలజిస్ట్ పోస్టుకు యూపీఎస్సీ రాయాలంటే జియాలజీ పీజీ కావాలి. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ విభాగం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా విశాఖలోనే ఉంది. సైన్స్ డిగ్రీలు నడిపే కేంద్ర విద్యాసంస్థలు ఐసర్‌ల ప్రవేశ పరీక్ష బైపీసీ వాళ్లూ రాయొచ్చు. కానీ 60 ప్రశ్నల్లో 15 మ్యాథ్స్‌వి, అవి వదిలేస్తే నిలబడటం కష్టం. ఇంటర్ అయ్యేలోపు లాగరిథమ్స్, వాలు, డెరివేటివ్ వరకైనా నేర్పించండి. ఎలాగూ తర్వాత వాటితోనే పని.

ఒక ఆదివారం కైలాసగిరికి తీసుకెళ్లండి. అక్కడి ఖోండలైట్ అనే రాతిలో ఎర్రటి గార్నెట్ ఖనిజం గింజలు చూపించండి. సముద్రం పక్కనే ఉంది కదా, కొత్త రాయేమో అనుకోవద్దు. వంద కోట్ల ఏళ్ల కిందట పాత మట్టిపొరలు లోతులో మాడి మారిన రాయది. సముద్రపటలమైతే దాదాపు అంతా 20 కోట్ల ఏళ్ల లోపుదే. ఈ తేడా పాపను నిజంగా పట్టేస్తే జియాలజీకి సరే అనండి.

చేర్చేముందు కాలేజీలో రెండు అడగండి: 0.03 మిల్లీమీటర్ల రాతి పొరలు చూసే పోలరైజింగ్ మైక్రోస్కోపులు ఎన్ని ఉన్నాయి, ఏడాదికి ఎన్ని రోజులు ఫీల్డ్‌కు తీసుకెళ్తారు?