వాకిట్లో చామంతికి మొగ్గ లేదు, జామలో పురుగు – ఏం మందు కొట్టాలి?

ప్రశ్న: సార్, నమస్తే. మాది హన్మకొండ నుంచి పరకాల పోయే తొవ్వల ఊరు. ఇంటి ముందు, ఎనక కలిపి నాలుగు గుంటల జాగ. రెండు జామ, ఒక నిమ్మ, ఒక సీతాఫలం, ఆరేండ్ల బంగినపల్లి మామిడి ఉన్నయి. ఆషాఢంల చామంతి నారు తెచ్చి సగం వాకిట్ల గోడ పొంటి, సగం ఎనక బాయికాడ పెట్టిన. నారు ఒకటే, ఎరువు ఒకటే. బాయికాడివి మొగ్గలేసినయి. వాకిట్లయి మోకాలెత్తు పెరిగినయి గని ఒక్క మొగ్గ లేదు. జామకాయ పండుకొచ్చేటాల్లకు లోపల తెల్ల పురుగులు. రాలిన కాయలన్ని ఏరి పెంటకుప్పల ఏస్తున్న. దుకాణంల అడిగి ఒకసారి మందు గూడ కొట్టిచ్చిన, తగ్గలే. నిమ్మకు ఆకుల మీద, కాయల మీద గజ్జి. మామిడికి పోయినేడు పూతే రాలే, మొన్న మల్ల కొత్త చిగురేసింది. ఎనక వంటింటి నీళ్లు దానికే పోతయి, తడికి కొదవ లేదు. అన్నిటికి ఏమేం మందులు కొట్టాలె? గేటు ముందర స్తంభానికి పోయిన నెల కొత్త లైటు పెట్టిండ్రు, రాత్రి తీసిన ఫొటోలు పంపుతున్న. – ఒక గృహిణి, హన్మకొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోలు ఒకటికి రెండుసార్లు చూశాను. మీరు అడిగిన నాలుగింటిలో మందుతో పని ఉన్నది ఒక్క నిమ్మకే. మిగతా మూడింటికీ కారణం మీ ఉత్తరంలోనే ఉంది.

ముందు చామంతి సంగతి. వాకిట్లో మొక్కలకు ఏ రోగమూ లేదు. ఆకు ముదురు పచ్చగా, కాండం బలంగా ఉంది. వాటికి రాత్రి కావడం లేదు, అంతే. చామంతి పొద్దు తగ్గితేనే మొగ్గ తొడిగే మొక్క. మన వరంగల్ ప్రాంతంలో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది. దీపావళి వచ్చేసరికి సుమారు పదకొండున్నర గంటలకు దిగుతుంది, డిసెంబరులో 11 గంటలే. అట్లా రాత్రి పెరిగే కొద్దీ మొక్క కొత్త ఆకులు వేయడం మాని మొగ్గకు తిరుగుతుంది. ఆ చీకటి మధ్యలో తెగకుండా దొరకాలి. గేటు ముందరి లైటు తెల్లవార్లూ మీద పడుతుంటే మొక్కకు ఇంకా జూన్ నెలే అనిపిస్తుంది, ఆకులు వేస్తూనే పోతుంది. బాయికాడ చీకటి కనుక అక్కడివి వేళకు మొగ్గ తొడిగాయి. పాలీహౌస్‌లలో చామంతి వేసే రైతులు పూత వెనక్కి జరపడానికి రాత్రిపూట బల్బులు వేసేది ఇందుకే.

ఒకసారి రాత్రి ఎనిమిదింటికి వాకిట్లో నిలబడి చూడండి. గోడ నీడ పడే చోట ఒకటో రెండో మొక్కలు ఉంటే వాటి కొసలు వేళ్లతో విప్పండి. మిగతావాటికి లేని మొగ్గ వాటికి కందిగింజంత అయినా కనబడుతుంది.

లైటుకు మీ వాకిలి వైపు ఒక రేకు ముక్క అడ్డం పెట్టమని పంచాయతీ వాళ్లను అడగండి. దారికి వెలుగు తగ్గదు, మీ మొక్కలకు చీకటి దొరుకుతుంది. అది కుదరకపోతే నాలుగు కర్రలు పాతి, సాయంత్రం ఆరింటి నుంచి పొద్దున ఆరింటి వరకు మందపాటి నల్లగుడ్డ కప్పండి. మొక్కకు తగలకుండా పైన ఎత్తుగా ఉండాలి. మొగ్గలు స్పష్టంగా కనబడేదాకా, అంటే మూడు నాలుగు వారాలు, ఒక్క రాత్రి కూడా మానొద్దు. కార్తీక పున్నమికి ఈ పూలు అందవు. సంక్రాంతికి మాత్రం గుమ్మాలకు కట్టుకుంటారు. ఇప్పుడు కొసలు తుంచడం, యూరియా వేయడం రెండూ వద్దు, రెండూ ఆకునే పెంచుతాయి.

ఇక జామ. లోపల ఉన్నవి పండు ఈగ పిల్లలు. కాయ ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరిగే వేళకు ఆడ ఈగ తొక్కకు సన్న పోటు పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. కాయను వెలుతురులో తిప్పి చూడండి, సూది గుచ్చినట్టు ఒక చుక్క, చుట్టూ కొంచెం మెత్తబడి కనబడుతుంది. పురుగు గుజ్జు లోపల ఉంటుంది కనుక పైన కొట్టిన మందు దానికి తగలదు. ఇంట్లో పిల్లలు చెట్టుకింద నిలబడి కోసుకుని తినే కాయ అది, దయచేసి మళ్లీ కొట్టించకండి.

అసలు తప్పు పెంటకుప్పలో జరుగుతోంది. రాలిన కాయలోని పురుగు ఎదిగాక బయటికి వచ్చి మట్టిలోకి దిగుతుంది, అక్కడ గోధుమ గింజలాంటి గూడు కట్టుకుని, కొన్నాళ్లకు ఈగై లేస్తుంది. మెత్తటి పెంటకుప్ప దానికి ఇంకా సుఖం. మీరు రోజూ శ్రద్ధగా ఏరి తీసుకుపోయి, వాటికి నీడా మెత్తటి చోటూ ఇస్తున్నారు. ఏరడం మానకండి, వేసే చోటు మార్చండి. రాలినవి, పుచ్చినవి రోజూ ఏరి మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి కట్టి, ఎండలో వారం పది రోజులు పడేయండి. లోపల పురుగు ఉడికి చస్తుంది. లేదంటే రెండడుగుల లోతు గుంట తీసి పూడ్చండి. చెట్టుకింద మట్టిని పది రోజులకోసారి పైపైన గీకి తిరగేయండి, గూళ్లు ఎండకు తేలుతాయి, కోళ్లుంటే ఏరుకు తింటాయి.

దీనికి తోడు చెట్టుకు నాలుగైదు అడుగుల ఎత్తున ఒక మిథైల్ యూజినాల్ ఎర బుట్ట కట్టండి, నెలకోసారి ఎర మార్చండి. ఇది మగ ఈగలనే లాగుతుంది, అందుకే ఎర ఒక్కటీ కట్టి ఊరుకుంటే పని కాదు. చలికాలపు కాయ ఇప్పుడు పిందె మీద ఉంటుంది. నిమ్మకాయంత కాగానే ఒక్కో కాయకు పాత గుడ్డ సంచో, కాగితం కవరో తొడిగి దారంతో కట్టండి, అడుగున నీరు కారడానికి చిన్న చీలిక ఉంచండి. రెండు చెట్లే కనుక ఇంట్లో ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని. వానాకాలపు జామకు పురుగు ఎక్కువ, రుచీ చప్పన. వచ్చే ఏడు ఫిబ్రవరి నుంచి మే సగం దాకా ఈ రెండు చెట్లకు నీళ్లు ఆపి, ఎండల్లో వచ్చిన పూత దులిపేయండి. తొలకరికి పశువుల ఎరువు వేస్తే, ఆ తర్వాతి పూత చలికాలానికి కాయ అవుతుంది. ఏడాదికి ఒక్క కాపే, కానీ చేతికొచ్చే కాపు.

మామిడిని చూస్తే నాకు బాధ అనిపించింది, ఎందుకంటే మీరు ప్రేమతో పెడుతున్న నీళ్లే దాని పూతను ఆపుతున్నాయి. మామిడికి వానలు వెనక్కి తగ్గాక రెండు మూడు నెలలు ఎండు కావాలి. వేరు ఎండితేనే కొమ్మ ముదిరి, డిసెంబరు, జనవరిలో పూమొగ్గ పగులుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లు రోజూ మొదట్లో నిలిస్తే అది చిగురు మీద చిగురు వేస్తుందే తప్ప పూత పెట్టదు. ఈ వారమే కాలువ మళ్లించండి. ఒక అరటి పిలక తెచ్చి కాలువ చివర పెడితే ఆ నీళ్లన్నీ అదే తాగుతుంది. మామిడికి పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా నీళ్లు గానీ ఎరువు గానీ వద్దు. మొన్న వేసిన చిగురు ఇంకా లేత కనుక ఆ కొమ్మలన్నిటికీ ఈసారి పూత రాకపోవచ్చు, ముదురు కొమ్మలకు మాత్రం ఆశ ఉంది.

నిమ్మకున్నది గజ్జి తెగులు, వాన చినుకులతో పాకే బ్యాక్టీరియా. పొడి వాతావరణం చూసి మచ్చలున్న రెమ్మలు కత్తిరించి కాల్చేయండి. వాడుకునే కాయలు ముందే కోసుకుని, 10 లీటర్ల నీటికి 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చెట్టంతా తడిసేలా కొట్టండి. 15–20 రోజులకు ఇంకోసారి. పాత కరపత్రాల్లో దీనితో స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు కలపమని ఉంటుంది, ఇప్పుడు పంటల మీద దాని వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది, ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు. లేత ఆకు మీద వెండి గీతల్లా పాము మెలికలు కనబడితే అది ఆకుముడత పురుగు. అది చేసిన గాయాల్లోంచే గజ్జి లోపలికి పోతుంది. కొత్త చిగురు మీద వేపనూనె లీటరుకు 5 మి.లీ., కొంచెం సబ్బునీళ్లతో కలిపి కొట్టండి. గజ్జి మచ్చ తొక్క వరకే, లోపలి రసం నిస్సందేహంగా వాడుకోండి.

సీతాఫలం గురించి మీరు అడగలేదు గానీ ఫొటోలో కొమ్మలకు నల్లగా ఎండి రాయిలా వేలాడే కాయలు కనిపించాయి. అవి పండవు. తెంపి కాల్చేయండి, లేదంటే తెగులు మళ్లీ ఏటికి చెట్టు మీదే కాచుకుని ఉంటుంది.

ఒక ఫొటోలో మూలకు బతుకమ్మకు పెట్టిన బంతి, గునుగు కూడా ఉన్నాయి. సద్దుల నాడు కోయగా మిగిలిన బంతి మొక్కల్ని పీకి పారేయకండి. ముక్కలు చేసి ఆ మడిలోనే కలిపి దున్ని తడి పెట్టండి. వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులను బంతి తగ్గిస్తుంది, నెల ఆగి అక్కడే టమాట నారు పెట్టుకోవచ్చు. గునుగు కంకులు మాత్రం తెల్లబారి ఎండేదాకా ఉంచి, కాగితం మీద దులిపితే ఆవాల కన్నా సన్నగా నల్లటి మెరిసే గింజలు రాలుతాయి. పొట్లం కట్టి పెట్టుకుని, వచ్చే తొలకరికి గోడ పొంటి చల్లండి.