కిడ్నీ జబ్బు ఉంది... బొండం తాగి లేత కొబ్బరి తినొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. నాన్నకు 52 ఏళ్లు, కిడ్నీ జబ్బుకు మందులు వాడుతున్నారు. ఈ మధ్య పరీక్షలో క్రియాటినిన్ 3.1, పొటాషియం 5.4 వచ్చాయి. బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటారు. పెరట్లో చెట్లున్నాయి కాబట్టి రోజూ ఒక బొండం తాగి, లోపలి లేత కొబ్బరి కూడా తినేస్తారు. కిడ్నీలు శుభ్రపడతాయని ఊళ్లో అందరూ అంటారు. పర్వాలేదా డాక్టర్ గారూ?

జవాబు: ఆపించండి, ఈరోజు నుంచే. ఉద్దానంలో బొండం వద్దని చెప్పడం ఎంత కష్టమో తెలుసు, అయినా చెప్పక తప్పదు. ఆయన పొటాషియం ఇప్పటికే ఎక్కువగా ఉంది, ఇంకా పెరిగితే గుండె కొట్టుకునే తీరు దెబ్బతింటుంది.

100 మి.లీ. బొండం నీళ్లలో సుమారు 250 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. ఒక మోస్తరు బొండంలో 300-400 మి.లీ. నీళ్లుంటాయి, అంటే 750 నుంచి 1,000 మి.గ్రా. పొటాషియం ఒక్కసారిగా లోపలికి వెళ్తుంది. పొటాషియం పెరిగిన కిడ్నీ రోగులకు రోజు మొత్తం తిండిలో మేం చెప్పే హద్దే 2,000-2,500 మి.గ్రా. దాకా, అందులో సగం వరకూ ఆ బొండంతోనే అయిపోతోందన్నమాట. లేత కొబ్బరిలోనూ పొటాషియం ఉంది కాబట్టి నీళ్లు మానేసి కొబ్బరి తింటానంటే కుదరదు. కూరలోనో పచ్చడిలోనో ఒక చెంచా కొబ్బరి పడితే టెన్షన్ వద్దు.

శుభ్రపడటం అనే మాట ఎక్కడిదంటే, కిడ్నీలో రాళ్లున్నవాళ్లను నీళ్లు బాగా తాగమంటాం, అదే అందరికీ వర్తిస్తుందనుకున్నారు. మీ నాన్నగారిది వేరే సమస్య. ఆ క్రియాటినిన్‌కు ఆయన వయసులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 23 దగ్గర ఉంటుంది, అంటే కిడ్నీ జబ్బులో నాలుగో స్టేజ్. మంచి కిడ్నీ అదనపు పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తుంది, ఆయన కిడ్నీలు ఆ పని సరిగా చేయలేవు. టెల్మిసార్టన్ కూడా పొటాషియాన్ని కొంత పెంచుతుంది, అలాగని సొంతంగా మాత్ర ఆపేయకండి, కిడ్నీకి అది మేలు చేసే మందే, డోసు సంగతి మీ డాక్టర్ చూసుకుంటారు. ఇంట్లో ‘లో సోడియం’ ఉప్పు ఉంటే మాత్రం తీసేయండి, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే.

వారం లోపు పొటాషియం మళ్లీ చేయించండి. రక్తం తీసేటప్పుడు కణాలు చిట్లితే అంకె ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి రెండో రిపోర్టు అవసరం. అది 5 లోపుకు వచ్చి నిలకడగా ఉంటే, ఎప్పుడైనా అర గ్లాసు తాగొచ్చా అని అప్పుడు మీ డాక్టర్‌నే అడగండి. పొటాషియం పెరిగినా చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. కాళ్లు పట్టు తప్పినట్టున్నా, గుండె దడగానో మరీ నెమ్మదిగానో కొట్టుకుంటున్నా తెల్లారేదాకా ఆగకుండా ఈసీజీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకో మాట, విరేచనాలు పట్టుకుంటే మన ఇళ్లలో ముందు ఇచ్చేది బొండమే. ఆయనకు అప్పుడు కూడా ఇవ్వొద్దు, ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీ ఇంకా నెమ్మదించి పొటాషియం వేగంగా పెరుగుతుంది. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి, ఏం తాగించాలో, ఆ రోజు బీపీ మాత్ర వేయాలో వద్దో కనుక్కోండి.