వైఫై ఏపీలు జాయిన్ అవ్వట్లేదా అల్లుడూ, ముందు నిచ్చెన దిగు

ఒరేయ్ అల్లుడూ,

40 యాక్సెస్ పాయింట్లు, అదే వైఫై సిగ్నల్ ఇచ్చే ఏపీలు, సీలింగ్‌కి బిగించేశాం, వాటన్నిటినీ నడిపే కంట్రోలర్‌లో ఒక్కటీ కనబడట్లేదు మామయ్యా అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టావు. అసలు బల్ల మీదే ఒక్కోదాన్నీ జాయిన్ చేయించి, పేరు పెట్టి, స్టిక్కర్ అంటించి అప్పుడు బిగించాలి. సరే, అయిందేదో అయింది. ఒక్కదాన్ని విప్పి కిందికి తెచ్చుకో, దాని మెసేజీలు ల్యాప్‌టాప్‌లో చూపించే కన్సోల్ కేబుల్ పెట్టు. ఆ కంట్రోలర్ స్క్రీన్‌ని రిఫ్రెష్ కొడుతూ కూర్చోకు, ఏపీ ఎక్కడ ఆగిపోయిందో ఏపీయే చెబుతుంది.

దానికి కరెంటు సరిపోతోందా, ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) వచ్చిందా, ఈ రెండూ చూడటం రెండు నిమిషాల పని. మామూలు మోడ్‌లో ఏపీ తగిలించిన స్విచ్ పోర్టు యాక్సెస్ పోర్టుగా, అంటే ఒకే వీల్యాన్ (స్విచ్‌లో విడగొట్టిన ఒక నెట్‌వర్క్) మోసేదిగా ఉంటే చాలు, చాలా వీల్యాన్లు మోసే ట్రంక్ అక్కర్లేదు. బ్రాంచిలో ఫ్లెక్స్‌కనెక్ట్ (యూజర్ల ట్రాఫిక్‌ని కంట్రోలర్ దాకా పంపకుండా అక్కడే దించే సిస్కో మోడ్) పెట్టి రెండు మూడు వీల్యాన్లు అక్కడే దించాలంటే మాత్రం ట్రంక్ కావాలి, నేటివ్ వీల్యాన్, అంటే ట్యాగ్ లేకుండా వెళ్లేది, ఏపీ ఐపీ తీసుకునేదే అయ్యుండాలి.

ఐపీ వచ్చాక కంట్రోలర్ ఎక్కడుందో దానికి తెలియాలి కదా. ఒకే సబ్‌నెట్‌లో (ఒకే ఐపీల గుంపులో) ఉంటే బ్రాడ్‌కాస్ట్ చేసి, అంటే అందరికీ వినబడేలా కేకేసి, అదే వెతుక్కుంటుంది. నీ దగ్గర ఏపీలు ఒక వీల్యాన్, కంట్రోలర్ ఇంకో వీల్యాన్ అన్నావు, కాబట్టి ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో, కంట్రోలర్ అడ్రస్ చెప్పే ఆప్షన్ 43 ఇవ్వాలి. సిస్కోకైతే మొదట ఎఫ్1, తర్వాత పొడవు, అంటే ఒక కంట్రోలరైతే 04, రెండైతే 08, ఆ తర్వాత ఐపీని హెక్సాలో (16 ఆధారంగా ఉండే లెక్కలో) రాయాలి. 192.168.10.5 అయితే సి0, ఎ8, 0ఎ, 05. నాలాగా తెలివితేటలకి పోయి నోటిలెక్క వెయ్యకు, ఒక్క అంకె తప్పితే ఏపీ ఎక్కడో లేని కంట్రోలర్‌ని జన్మంతా పిలుస్తూనే ఉంటుంది. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే యూడీపీ పోర్టులు 5246, 5247 రెండూ తెరిపించు. మొదటిది కంట్రోల్‌కి, రెండోది డేటాకి. మొదటిది ఒక్కటే తెరిచి వదిలేస్తే ఏపీ జాయిన్ అయినట్టే కనిపించినా యూజర్ల ట్రాఫిక్ కంట్రోలర్ దాకా వెళ్లదు, అప్పుడు పడే టెన్షన్ వేరే లెవెల్.

ఇవన్నీ బాగున్నా జాయిన్ అవ్వకపోతే టైమ్ చూడు. నవ్వకు. ఓ కాలేజీలో రోజంతా కేబుళ్లు మార్చాను, స్విచ్ మార్చాను, ఎవరెవరినో తిట్టుకున్నాను, చివరికి చూస్తే కంట్రోలర్ గడియారం కొన్నేళ్లు వెనక్కి పోయి ఉంది. ఏపీకీ కంట్రోలర్‌కీ మధ్య ఒకదాని గుర్తింపు సర్టిఫికెట్ ఇంకోటి చూసుకున్నాకే సొరంగం (రహస్య దారి) తెరుచుకుంటుంది, గడియారం ప్రకారం ఆ ఏపీ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు! మరి ఒప్పుకుంటుందా? తేదీ సరిచేశాక కాసేపట్లో ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. టైమ్ తనంతట తానే సరిచేసే ఎన్‌టీపీ పెట్టకుండా కంట్రోలర్ ముట్టుకోవద్దని ఆ రోజు నుంచీ నా నియమం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ఏపీలైతే దీనికి తిరగేసిన కథ, లోపలి సర్టిఫికెట్‌కి పదేళ్లే గడువు ఉన్న మోడళ్లు చాలా ఉన్నాయి, అది దాటిపోయి ఉంటుంది.

మోడల్ నంబర్ కూడా చదువు. మన దేశానికి వచ్చే సిస్కో ఏపీల్లో చాలావాటి నంబర్‌లో డి అక్షరం ఉంటుంది. అమెరికా నుంచి ఎవరో చవగ్గా తెచ్చిన బి రకం ఇండియా కోడ్ ఒక్కటే ఉన్న కంట్రోలర్‌తో కుదరదు. దేశం కోడ్ మార్చి నడిపిద్దామా అని మాత్రం అడక్కు, ఛానెళ్లకీ పవర్‌కీ ఏ దేశం రూలు ఆ దేశానిదే.

ఇంకోటి, జాయిన్ అయిన వెంటనే ఏపీ మాయమైతే కంగారుపడి కేబుల్ పీకకు. కంట్రోలర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ వెర్షనే తనలోనూ ఉండాలి కాబట్టి ఆ ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ ఫైల్) దించుకుని రీబూట్ అయి మళ్లీ వస్తుంది. 40 ఒకేసారి మొదలుపెడితే, లింకు సన్నగా ఉంటే, టీ తాగి రావచ్చు.

ఇప్పుడు ఆ ఒక్క ఏపీకి కరెంటు ఇచ్చి, కన్సోల్‌లో వచ్చే చివరి 20 లైన్లు ఫొటో తీసి పంపు. ఐదింటికే లేస్తాను, లేవగానే చూస్తా.

మీ మామయ్య