కుంటాల ఫొటోలో ధార తెల్లటి ముద్దలా వస్తుంటే

కుంటాల జలపాతం ఫ్రేములను హెచ్‌డీఆర్ మెర్జ్‌తో (వేర్వేరు వెలుగులో తీసిన ఫొటోలను ఒకటిగా కలిపే పద్ధతి) కలిపినా నీటి పోగులు రాలేదన్నారు కదా, ఆ మెర్జ్ వాడటం వల్లే ఇబ్బంది. అది వెలుగును కలుపుతుంది, కదలికను కాదు. డీఘోస్ట్ (కదిలినవి రెండుగా కనబడకుండా చేసే ఆప్షన్) ఆన్‌లో ఉంటే కదిలే నీళ్ల దగ్గర ఒక్క ఫ్రేమ్‌నే ఉంచుతుంది. అందుకే మీరు 1/8 సెకను ఫ్రేమ్ కలిపినా పోగులు కనబడలేదు.

1. ట్రైపాడ్ కదపకుండా, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు) దగ్గర మూడు ఫొటోలు తీయండి: 1 సెకనుకి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, 1/4కి 400, 1/8కి 800. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్. ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల అద్దం) పెట్టి ఉంటే మధ్యలో తీసేయొద్దు, రంగు మారిపోతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే. 1 సెకను ఫ్రేమ్‌లో హైలైట్ అలర్ట్ (మరీ తెల్లబడిన చోటును చూపే హెచ్చరిక) మిణుకుమంటోందా చూడండి. మబ్బు పట్టినా సరే చూడాల్సిందే. చుట్టూ తడిసిన నల్ల రాయి ఉండటంతో కెమెరా వెలుగు మీటర్ మోసపోయి నురగను మాడ్చేస్తుంది. మిణుకుమంటే ఎఫ్/16 పెట్టి మూడూ మళ్లీ తీయండి. పూర్తిగా తెల్లబడిన చోట లైటెన్ మోడ్‌లో (రెండు లేయర్లలో తెల్లగా ఉన్నదాన్నే చూపే మోడ్) పైన ఏ లేయర్ వేసినా తేడా రాదు, దానికన్నా తెల్లనిది ఉండదు కదా!

3. ఫొటోషాప్‌లో స్లో ఫ్రేమ్ (1 సెకనుది) కింద, 1/8 పైన, నార్మల్ మోడ్. పై లేయర్‌కు నల్ల మాస్క్ (దాన్ని దాచే తెర) వేసి, మెత్తని తెల్ల బ్రష్‌తో 30 శాతం ఫ్లోలో, ధార రాతికి తగిలి చీలే చోట మాత్రం రెండు మూడుసార్లు రుద్దండి. మరీ గరుకుగా అనిపిస్తే 1/8 బదులు 1/4 ఫ్రేమ్ వాడండి. మడుగు జోలికి పోవద్దు, అది నున్నగానే బాగుంటుంది.

గాలికి ఊగిన ఆకులకు మాత్రం 1/8 ఫ్రేమ్‌నే 100 శాతం తీసుకోండి.