ఉచ్చులో పడ్డ అడవిపందిని బాధ చూడలేక కాల్చేస్తే నేరమేనా?

ప్రశ్న: మేడం, నేను మారతహళ్ళిలో ఉంటా, సాఫ్ట్‌వేర్ జాబ్. మా అమ్మ వాళ్ళ ఊరు శ్రీనివాసపుర దగ్గర, మామిడి తోటలున్నాయి. పోయిన శనివారం ఊరికెళ్తే మా తోట పక్క కంచెలో ఎవరో పెట్టిన క్లచ్ వైరు ఉచ్చులో అడవిపంది పడుంది. వెనక కాలు ఎముక దాకా తెగిపోయి రాత్రంతా ఒకటే అరుపులు. మా మామకి లైసెన్సున్న సింగిల్ బ్యారెల్ గన్ ఉంది, పాపం ఒక్క దెబ్బతో దానికి విముక్తి ఇచ్చేస్తా అన్నాడు, కేసవుతుందేమో అని నేనే ఆపా. తెల్లారేసరికి చచ్చిపోయింది. పక్క తోటోళ్ళు కోసుకుని పంచుకున్నారు, మా ఇంటికీ ఒక కవర్ పంపించారు, అదింకా ఫ్రిజ్‌లోనే ఉంది. మామని ఆపి తప్పు చేశానా అని నిద్ర పట్టట్లేదు. ఇంకో డౌట్, డిసెంబర్‌లో డాలస్‌లో మా పెదనాన్న కొడుకు దగ్గరికి వెళ్తున్నా, జింకల వేటకి తీసుకెళ్తా అంటున్నాడు. అక్కడ దెబ్బ తగిలిన జంతువుని వదిలేస్తేనే నేరం అంట కదా, ఇక్కడేమో చంపితే నేరం. ఇదెట్లా?

జవాబు: ముందు మీ నిద్ర సంగతి. మీరు మామని ఆపడం కరెక్టే. తప్పు జరిగింది వేరే చోట, ఆ రాత్రి ఎవరికీ ఫోన్ చేయకపోవడంలో, ఆ తర్వాత ఆ కవర్ ఇంట్లో పెట్టుకోవడంలో. ఫోన్ సంగతి తర్వాత చెప్తా గానీ కవర్ సంగతి ఇవాళే తేలాలి కాబట్టి దాంతోనే మొదలుపెడతా.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో సెక్షన్ 39 అని ఉంది. వేటలో చచ్చినా, పొరపాటున చచ్చినా, చచ్చి కనపడినా ఆ అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి, దాని మాంసం కూడా ప్రభుత్వ ఆస్తే. అట్లాంటిది ఏ రకంగా మన చేతికొచ్చినా 48 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో ఫారెస్ట్ ఆఫీసర్ దగ్గరో రిపోర్ట్ చేయాలి, అడిగితే అప్పజెప్పాలి. ఊళ్ళో వాటా పంచితే కాదనలేక తీసుకున్నాం అనేది మనకి మామూలు మాటే గానీ కోర్టులో అది మీ ఇంట్లో దొరికిన సరుకు. పైగా ఈ చట్టంలో సెక్షన్ 57 ప్రకారం అది మీ దగ్గరుందని వాళ్ళు చూపిస్తే చాలు, అక్రమంగా లేదని నిరూపించుకునే బరువు మీ మీదే పడుతుంది. మీకు ఆ 48 గంటలు దాటిపోయాయి, నిజమే, అయినా ఇప్పటికైనా చెప్పడం మేలు. దాన్ని వండద్దు, కుక్కలకి వేయద్దు, రాత్రికి రాత్రి గుంత తీసి పూడ్చద్దు. పూడ్చారంటే సాక్ష్యం మాయం చేశారని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కూడా తోడవుతుంది. కోలార్‌లోనో శ్రీనివాసపురలోనో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని వెంట తీసుకుని మీ మామ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకెళ్ళి, ఎప్పుడు ఎవరు పంపారు, ఎట్లా తెలిసింది అని ఒక కాగితం రాసిచ్చి, ఆ కవర్ అప్పజెప్పి, ఎకనాలెడ్జ్‌మెంట్ తీసుకోవాలి. లాయర్ ఎందుకంటే, ఈ చట్టంలో ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ అసిస్టెంట్ కన్జర్వేటర్ ర్యాంకు ఆఫీసర్ మీ ఎదుట రికార్డ్ చేసిన స్టేట్‌మెంట్లు తర్వాత విచారణలో సాక్ష్యంగా పనికొస్తాయి. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదన్న రక్షణే ఇక్కడా ఉంటుందనుకుని చాలామంది నోటికొచ్చింది చెప్పేస్తారు, నెలల తర్వాత ఆ కాగితం కోర్టులో చదువుతుంటే బిత్తరపోతారు. అబద్ధం చెప్పమని కాదు నేననేది, చెప్పాల్సింది నిజమే, తెలిసింది మాత్రమే, ఊహలు కలపకుండా.

ఇక అసలు ప్రశ్నకొస్తా. బాధ పడుతున్న అడవి జంతువుని జాలితో చంపొచ్చా? మామూలు మనిషికి మన చట్టంలో ఆ హక్కు లేదు. వేట అంటే అడవిలోకెళ్ళి వెంటాడి కొట్టడమే అనుకుంటాం, కానీ సెక్షన్ 2లో వేటకిచ్చిన నిర్వచనంలో చంపడం, గాయపరచడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, ఎర వేయడం, వాటికి ప్రయత్నించడం కూడా అన్నీ వచ్చేస్తాయి. సెక్షన్ 9 అట్లాంటి వేటని నిషేధించింది. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది, దాని ప్రకారం అడవిపంది రెండో షెడ్యూల్‌లో, అంటే చట్టం రక్షణ ఇచ్చిన జంతువుల రెండో జాబితాలో ఉంది. మీ మామ ఆ రాత్రి ట్రిగ్గర్ నొక్కుంటే, మనసులో ఎంత జాలి ఉన్నా కాగితం మీద అది వేటే, 3 ఏళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. గన్ సీజ్ చేస్తారు, ఆయుధాల చట్టం కింద లైసెన్స్ షరతులు దాటినందుకు ఇంకో తలనొప్పి, ఆ లైసెన్స్ మళ్ళీ చేతికి రావడం మాటలు కాదు. పంట రక్షణకని ఇచ్చిన లైసెన్స్ గన్ను దగ్గర పెట్టుకోవడానికి పర్మిషన్, అడవి జంతువుని చంపడానికి కాదు. ఈ తేడా తెలియక రైతులు ఇరుక్కుంటున్నారు. కొడగు వైపు ఫ్రెండ్స్ ఉంటే వాళ్ళకి గన్ లైసెన్స్ అక్కర్లేదు కదా అని అడుగుతుంటారు. అవును, కొడవులకి ఆయుధాల చట్టం నుంచి మినహాయింపు ఉంది, 2019లో దాన్ని ఇంకో పదేళ్ళు పొడిగించారు కూడా, కానీ అది తుపాకీకి మాత్రమే, వేట వాళ్ళకీ నిషేధమే.

అట్లాగని చట్టం ఆ జంతువు బాధని మర్చిపోలేదు. సెక్షన్ 11లో ఒక మాట ఉంది, ఎవరూ ఊళ్ళలో చెప్పరు. జంతువు ఇక కోలుకోలేనంతగా దెబ్బతిన్నా, జబ్బు పడినా దాన్ని చంపడానికి లిఖితపూర్వకంగా, కారణాలు రాసి ఆర్డర్ ఇవ్వొచ్చు. పులి, చిరుత, ఏనుగు, నెమలి లాంటి ఒకటో షెడ్యూల్ జంతువులకైతే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఒక్కరే ఇవ్వాలి. అడవిపంది లాంటి రెండో షెడ్యూల్ వాటికి ఆయన గానీ ఆయన అధికారమిచ్చిన ఆఫీసర్ గానీ ఇవ్వొచ్చు. కాబట్టి దాని బాధ తీర్చే దారి ఉంది, కాకపోతే అది మీ మామ గన్ దగ్గర కాదు, ఆ ఆర్డర్ దగ్గర మొదలవుతుంది. కర్ణాటకలో ఫారెస్ట్ హెల్ప్‌లైన్ 1926, పోలీసులకి 112. ఆ రాత్రి మీరు చేయాల్సింది ఈ ఫోనే. లొకేషన్ పంపండి, దూరం నుంచి జూమ్ చేసి గాయం వీడియో తీయండి, ఎన్నింటికి కాల్ చేశారో ఎవరు మాట్లాడారో రాసి పెట్టుకోండి, రేంజ్ ఆఫీసర్ నంబర్ అడిగి ఆయనకీ చేయండి, వెటర్నరీ డాక్టర్‌తో రమ్మని గట్టిగా అడగండి, రావడం లేటైతే పది నిమిషాలకోసారి అడగండి, ఇందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు. రేంజ్ ఆఫీసుల్లో రాత్రిపూట డాక్టర్ దొరకడం కష్టమే, దీని మీద డిపార్ట్‌మెంట్ నిజంగా ఏదైనా చేయాలి, ఒక జంతువు రాత్రంతా తీగలో వేలాడటం ఏ చట్టం కోరుకున్నదీ కాదు. బెంగళూరు చుట్టుపక్కలైతే కెంగేరిలో పీపుల్ ఫర్ ఎనిమల్స్ వాళ్ళ వైల్డ్‌లైఫ్ హాస్పిటల్ కూడా ఉంది, వాళ్ళకి చెప్పినా దారి చూపిస్తారు.

చూస్తే చచ్చిపోయేటట్టే ఉంది అని మనం అనుకునేది చాలాసార్లు తప్పవుతుంది. ఉచ్చు దిగిన కాలు భయంకరంగానే కనపడుతుంది, అయినా మత్తిచ్చి తీగ కోసి కుట్లేస్తే బతికే కేసులు ఉంటాయి, అది డాక్టర్ చూసి చెప్పాలి. ఈలోపు టార్చిలు కొట్టుకుంటూ ఊరంతా చుట్టూ నిలబడితే, ముఖ్యంగా జింకలైతే, గాయంతో కాదు ఆ భయం ఒత్తిడితోనే కండరాలు దెబ్బతిని చచ్చిపోతాయి. కుక్కల్ని కట్టేయండి, జనాన్ని వెనక్కి పంపండి, లైట్లు ఆపండి. నీళ్ళు తాగిద్దామని దగ్గరికి అస్సలు పోవద్దు. పంది గింజుకుని తీగ తెగిందంటే నేరుగా మనిషి మీదికే వస్తుంది, కోరలు సరిగ్గా తొడ ఎత్తులో తగుల్తాయి, అక్కడ పెద్ద రక్తనాళం తెగితే హాస్పిటల్ దాకా పోయే టైమ్ కూడా ఉండదు. మీ ఏరియాలో బండలెక్కువ కాబట్టి చీకట్లో గన్ పేలిస్తే గుండు ఎటు ఎగిరి ఎవరికి తగుల్తుందో కూడా చెప్పలేం.

అదే పంది నిజంగా మీ మీదికొచ్చి, ప్రాణం కాపాడుకోవడానికి కొట్టుంటే అది నేరం కాదు, సెక్షన్ 11లోనే రెండో భాగం ఆ రక్షణ ఇస్తుంది. 1979లో గౌహతి హైకోర్టు తిలక్ బహదూర్ రాయ్ కేసులో, పులిని చంపినాయన్ని ఆత్మరక్షణ కిందే వదిలేసింది. కాకపోతే అందులో ఒక షరతుంది, ఆ టైమ్‌లో మీరే ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉండకూడదు. ఉచ్చు వేసినోడు అది మీదికొచ్చింది అందుకే చంపా అంటే చెల్లదు. కట్టేసున్న జంతువు దగ్గరికి మనమే నడుచుకుంటూ వెళ్ళి ఆత్మరక్షణ అన్నా నమ్మరు. అట్లా చచ్చిన జంతువు కూడా ప్రభుత్వానిదే.

మరి జాలికి చోటివ్వకపోవడం కఠినం కాదా అంటే, నాకూ అది చదివేటప్పుడు గుండె బరువవుతుంది. అయినా ఈ రూల్ ఇట్లాగే ఉండాలని నా అభిప్రాయం. ఎందుకంటే జాలి అనే తలుపు తెరిస్తే ముందు దూరేది ఉచ్చు వేసినోడే, రాత్రి తీగ కడతాడు, పొద్దున్నే పాపం బాధపడుతోంది అని కొడతాడు, మధ్యాహ్నానికి కూర. బ్రిటన్‌లో 1996 నాటి అడవి క్షీరదాల రక్షణ చట్టం జాలితో చంపడాన్ని ఒప్పుకుంటుంది, అయితే ఆ దెబ్బ తన చట్టవిరుద్ధమైన పనివల్ల తగల్లేదని, కోలుకునే ఆశ లేదని చంపినోడే నిరూపించుకోవాలి. మన దగ్గర ఉచ్చులూ నాటుబాంబులూ ఇంత విచ్చలవిడిగా ఉన్నప్పుడు ఆ మినహాయింపు ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించండి. 2020లో పాలక్కాడ్‌లో కడుపుతో ఉన్న ఏనుగు పేలుడు పదార్థం పెట్టిన కాయ కొరికి చచ్చిపోయింది కదా, దేశమంతా ఏడ్చింది. పంది కోసమని వేసిన ఉచ్చులో చిరుత పడొచ్చు, అప్పుడది ఒకటో షెడ్యూల్ అయిపోతుంది, తక్కువలో తక్కువ 3 ఏళ్ళు, 7 ఏళ్ళ దాకా జైలు, 25 వేలకి తగ్గని జరిమానా, పంది కోసం పెట్టా అంటే తగ్గించరు. ఆ ఉచ్చు మీ కంచెకి ఎవరు కట్టారో మీకు తెలిస్తే రిపోర్ట్‌లో చెప్పండి, తెలియకపోతే తెలియదనే రాయండి, కానీ తోట మొత్తం ఒకసారి తిరిగి ఇంకా తీగలుంటే ఫోటో తీసి ఫారెస్టోళ్ళ చేతే తీయించండి. మీ హద్దులో దొరికితే మొదట అనుమానించేది మిమ్మల్నే.

పందులు పంట నాశనం చేస్తున్నాయన్నది వేరే విషయం, అది నిజమైన బాధ. దానికీ సెక్షన్ 11 కిందే పర్మిషన్ అడగాలి. కేరళలో 2022 నుంచి పంచాయతీ పెద్దలకే ఆ అధికారం ఇచ్చి లైసెన్సున్న షూటర్లతో చేయిస్తున్నారు, అక్కడ కూడా విషం, బాంబు, కరెంటు వాడకూడదు.

ఇక డాలస్. మన చట్టం మన దేశానిదే, టెక్సస్‌లో సీజన్‌లో లైసెన్స్‌తో వేట చట్టబద్ధం, అక్కడ జంతువు సంఖ్యని బట్టి కోటాలు పెట్టి వేట నడిపిస్తారు. మీ అన్న చెప్పింది నిజమే, టెక్సస్ చట్టంలో జింకని కొట్టి లేదా గాయపరిచి, దాన్ని వెతికి పట్టుకోవడానికి తగిన ప్రయత్నం కావాలని చేయకపోతే నేరం. అంటే కొట్టినోడికి బాధ్యత ఉంటుంది, ఎందుకంటే ఆ దెబ్బ చట్టం ఒప్పుకున్న దెబ్బ. అక్కడ నేర్పించేదేంటంటే దెబ్బ తగిలిన వెంటనే పరిగెత్తద్దు, కాసేపాగి రక్తపు జాడ పట్టుకుని వెళ్ళాలి, వెనక వైపు నుంచి దగ్గరికెళ్ళాలి, పొడుగు కర్రతో కంటికి తాకించి చూడాలి, ఇంకా ప్రాణముంటే వెనకాల మనుషులూ రాళ్ళూ లేవని చూసుకుని గుండె ఊపిరితిత్తుల దగ్గర ఇంకో షాట్‌తో వెంటనే ముగించాలి, కత్తి పట్టుకుని మీద పడకూడదు, కాళ్ళతో తన్నిందంటే కడుపు చీలుతుంది.

కానీ మీకు అసలు సమస్య జింక కాదు, గన్. విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోవడమే అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరం. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. అన్నకి లైసెన్స్ ఉంది కదా, ఒక్క ఫోటోకి పట్టుకుంటా అనకండి, ఆ ఫోటోనే సాక్ష్యం అవుతుంది, వీసా మీద దెబ్బ పడుతుంది. మీ పేరు మీద నాన్ రెసిడెంట్ లైసెన్స్ తీసుకోండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు నిబంధన కూడా ఉంది, దాని సంగతి వెళ్ళకముందే అక్కడి వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్‌ని అడిగి తేల్చుకోండి. లైసెన్స్ చేతికి రాకపోతే అన్నతో పాటు వెళ్ళి చూడండి, గన్ మాత్రం ముట్టుకోకండి. వచ్చేటప్పుడు కొమ్ములు, తోలు, మాంసం సూట్‌కేస్‌లో పెట్టుకుని దిగద్దు, కస్టమ్స్‌లో పట్టుకుంటే దేవనహళ్ళి ఎయిర్‌పోర్ట్‌లోనే ఇంకో కేసు మొదలవుతుంది.

ముందు మాత్రం ఆ ఫ్రిజ్ సంగతి చూడండి. మామకి ఇవాళే ఫోన్ చేసి గన్ లైసెన్స్ పుస్తకం, తోట పహాణి (భూమి రికార్డు) కాగితం తీసి పెట్టుకోమనండి, లాయర్ మొదట అడిగేవి అవే.