టెక్ సందేహాలు: టర్బోకూ ఒక కలుజు ఉంది

ప్రశ్న: నాది టర్బో డీజిల్ కారు. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. కావలి నుంచి ఒంగోలు వెళ్తూ లారీని దాటబోతే ఉన్నట్టుండి లాగడం మానేసి, ఇంజిన్ లైటు వెలుగుతోంది. పక్కకు ఆపి, తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడుస్తోంది. టర్బో మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తొందరపడకండి. టర్బో నిజంగా దెబ్బతిని ఉంటే తాళం తీసి పెట్టినంత మాత్రాన బాగుపడదు. నాకు ముందుగా అనుమానం వచ్చేది వేస్ట్‌గేట్ మీదే.

చెరువు కింద సేద్యం ఎరిగిన మీకు కలుజు గురించి చెప్పనక్కర్లేదు. నీళ్లు మట్టం దాటగానే కలుజు మీదుగా పొర్లిపోతాయి, కట్ట నిలుస్తుంది. టర్బోలో వేస్ట్‌గేట్ చేసే పని అదే. ఇంజిన్ వదిలే వేడి పొగ టర్బైన్‌ను తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెడుతుంది. ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. గాలి పెరిగితే మండే ఇంధనం పెరుగుతుంది, దాంతో పొగ పెరుగుతుంది, ఆ పొగ టర్బోను ఇంకా వేగంగా తిప్పుతుంది. దీనికి అడ్డు లేకపోతే ఇంజినే పగులుతుంది. అందుకే టర్బైన్ పక్కన చిన్న తలుపు పెట్టారు. అది తెరుచుకుంటే పొగలో కొంత టర్బైన్‌ను తాకకుండా నేరుగా సైలెన్సర్ వైపు పోతుంది.

ఆ తలుపును తెరిచే తీరు నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. టర్బో ఒత్తిన గాలే పెన్సిలంత రబ్బరు గొట్టం గుండా ఒక రేకు డబ్బాలోకి వెళ్తుంది. లోపల పలుచని పొర, దాని వెనక స్ప్రింగ్. గాలి ఒత్తిడి స్ప్రింగ్ బలాన్ని మించగానే కడ్డీ బయటికి జరిగి తలుపును తెరుస్తుంది. మధ్యలో ఉండే సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు) కొంత గాలిని బయటికి వదిలేస్తే డబ్బాకు ఒత్తిడి తక్కువగా చేరుతుంది, తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది. వంక నీళ్లు ఇంకొంచెం నిలవాలని కలుజు మీద ఇసుక మూటలు పేర్చినట్టన్నమాట.

ఇప్పుడు మీ కారు సంగతి. వేడికి ఆ గొట్టం బీటలిచ్చినా, కడ్డీ తుప్పుపట్టి బిగుసుకున్నా తలుపు తెరుచుకోదు. ఒత్తిడి హద్దు దాటగానే కంప్యూటర్ ఇంధనం తగ్గించి లైటు వెలిగిస్తుంది. తాళం తీసి పెడితే మళ్లీ మొదటికి వస్తుంది. స్కానర్ పెట్టించి కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చూడండి. పి0234 వస్తే ఒత్తిడి ఎక్కువైందని, పి0299 వస్తే చాలలేదని అర్థం. తర్వాత గేజి ఉన్న చేతిపంపుతో డబ్బాకు గాలి ఎక్కించి చూడమనండి. కడ్డీ మెత్తగా కదలాలి, ముల్లు పడిపోకుండా నిలవాలి. ఇవేవీ చూడకుండా టర్బో విప్పనివ్వకండి.

ఒక్క మాట. అన్ని డీజిల్ కార్లకూ వేస్ట్‌గేట్ ఉండదు. 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజిన్నే తీసుకుంటే 75 హార్స్‌పవర్ రకానికి ఉంది, 90 రకంలో టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలుంటాయి. ఆ రెక్కలకు మసి పట్టి బిగుసుకున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

ప్రశ్న: వేస్ట్‌గేట్ కడ్డీ మీది నట్టు బిగిస్తే పికప్ పెరుగుతుందని విన్నాను. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, పొదలకూరు

జవాబు: వద్దండి. కడ్డీ పొట్టి చేస్తే స్ప్రింగ్ ముందే బిగిసి తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఒత్తిడి పెరిగేది నిజమే. కానీ పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) ఆ ఒత్తిడికి తయారైనవి కావు. ఎవరైనా ఇప్పటికే బిగించి ఉంటే, కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన ఒత్తిడి దగ్గర కడ్డీ కదిలేలా గేజితో సరిచేయించండి.