కొత్త ఫైటింగ్ గేమ్ డెమోలో పది నిమిషాలు ఆడితే నిజంగా ఏమి తెలుస్తుంది?

ఇంకా విడుదల కాని ఫైటింగ్ గేమ్‌ను వచ్చే నెల ఒక ప్రదర్శనలో ఆడనిస్తున్నారని, పది నిమిషాల ఆట కోసం గంటల తరబడి వరుసలో నిలబడటం దండగ కాదా అని, అంత కొద్దిసేపట్లో ఆట మంచిచెడ్డలు తెలుస్తాయా అని మీరు అడిగారు. తెలుస్తాయి. కాకపోతే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని బట్టి తీర్పు చెప్పేస్తే తప్పులో కాలేస్తారు. 2022లో నేను స్ట్రీట్ ఫైటర్ 6ను విడుదలకు పది నెలల ముందు ఆడాను. విడుదలయ్యాక కొనుక్కుని ఈ రోజుకీ ఆడుతున్నాను. ఆ రోజు నాకు అనిపించినవాటిలో ఏవి నిలబడ్డాయో, ఏవి వీగిపోయాయో ఇప్పుడు స్పష్టంగా తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఆడింది లాస్ వేగాస్‌లో, ఫైటింగ్ గేముల పెద్ద పోటీలైన ఈవో సందర్భంగా. 2022 ఆగస్టు 5 నుంచి 7 వరకు మాండలే బే హోటల్‌లో జరిగాయి. కోవిడ్ వల్ల 2019 తర్వాత మనుషులు పక్కపక్కన కూర్చుని ఆడిన మొదటి ఈవో అది. ఆ హాల్లో అడుగుపెట్టగానే వినిపించిన బటన్ల చప్పుడు, ఎక్కడినుంచో ఒక్కసారిగా లేచే కేకలు నన్ను తెనాలిలో బడి అయ్యాక పరిగెత్తుకెళ్లిన వీడియో గేమ్ పార్లర్‌కు తీసుకుపోయాయి. రూపాయి బిళ్ల వేసి స్ట్రీట్ ఫైటర్ 2 ఆడిన తరం నాది. నా వెంట మా అక్క కొడుకు వచ్చాడు. వాడికి అప్పుడు పందొమ్మిదేళ్లు. ఫుట్‌బాల్ గేములు తప్ప ఫైటింగ్ గేమ్ ఎన్నడూ ముట్టుకోలేదు. ఆ రోజు ఆట గురించి నాకు తెలిసినదాంట్లో సగం వాడి వల్లే తెలిసింది.

వరుసలో ఉన్న సమయాన్ని వృథా అనుకోకండి. మేము నిలబడినచోటి నుంచి నాలుగైదు తెరలు కనిపించేవి. ఫోను జేబులో పెట్టి వాటినే చూశాను. ఎంచుకోవడానికి నలుగురే ఉన్నారు: రియూ, చున్‌లీ, ల్యూక్, కొత్తగా వచ్చిన జేమీ. ఈ జేమీ ఆట మధ్యలో సొరబుర్రలాంటి సీసా ఎత్తి గుక్క తాగుతాడు. తాగినకొద్దీ, నాలుగు గుక్కల వరకు, వాడికి కొత్త దెబ్బలు వస్తాయి. చూడముచ్చటగా ఉంది. కానీ ఏ తెర చూసినా, ఎవరు ఎవరితో ఆడుతున్నా, అందరూ మళ్లీ మళ్లీ ఒకటే దెబ్బ వాడుతున్నారు. తెర మీద రంగుల సిరా చిమ్మినట్టు ఒక్కసారిగా వెలుగు, పెద్ద చప్పుడు, ఎదుటివాడు గోడకు కొట్టుకుని కూలబడటం. దాని పేరు డ్రైవ్ ఇంపాక్ట్. ఎదుటివాడి రెండు దెబ్బల వరకు తట్టుకుని మరీ తగులుతుంది. గోడ దగ్గరుంటే, కాచుకున్నవాడు కూడా గోడకు కొట్టుకుంటాడు. వరుసలో నా చుట్టూ ఉన్నవాళ్లంతా దాని గురించే మాట్లాడుకున్నారు. 'ఇక ఈ ఆట అంతా ఇదే' అని నేనూ నిశ్చయించుకున్నాను. అది నా మొదటి తప్పు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా వంతు వచ్చింది. నేను రియూను తీసుకున్నాను, మావాడు ల్యూక్‌ను. పోరు మొదలయ్యే ముందు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నడిచొస్తారు. ఆ కొద్ది క్షణాల్లో దిశల బటన్ నొక్కితే మన పాత్ర ముఖకవళికలు మారతాయి. మావాడు ఏదో నొక్కాడు, ల్యూక్ పళ్లు బిగించాడు. ఆటకు దానితో ఏ సంబంధమూ లేదు. కానీ పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మనుషుల కోసం ఎవరో ఆలోచించి పెట్టారు కదా అనిపించి మనసు నిండింది. ఆ తర్వాత నా వేళ్లు వాటంతట అవే కదిలాయి: కింద, మూల, ముందు, పంచ్. చేతుల్లోంచి నీలి ముద్ద బయటికొచ్చింది. ముప్పై ఏళ్లుగా మారని కదలిక అది. నొక్కడానికీ రావడానికీ మధ్య ఎక్కడా తడబాటు లేదు. కొత్త ఫైటింగ్ గేమ్‌లో మొట్టమొదట చూడాల్సింది ఇదే. నొక్కింది నొక్కినట్టు వస్తోందా? రాకపోతే మిగతా హంగులు ఎన్ని ఉన్నా వ్యర్థం.

ఇక అసలు విషయం. ప్రాణాన్ని చూపే పట్టీ కింద ఆకుపచ్చగా ఆరు గళ్ల పట్టీ మరొకటి ఉంటుంది. దాన్ని డ్రైవ్ గేజ్ అంటారు. నేను ఆడిన చాలా ఆటల్లో ఇలాంటి పట్టీ ఖాళీగా మొదలవుతుంది. కొట్టి, కొట్టించుకుని నింపుకోవాలి. ఇందులో పోరు మొదలయ్యేసరికే నిండుగా ఉంది. చేతిలో నిండుగా డబ్బు పెట్టి బజారుకు పంపినట్టు. డ్రైవ్ ఇంపాక్ట్‌కు ఒక గడి పోతుంది. ఆ నీలి ముద్దలాంటి ప్రత్యేకమైన దెబ్బను మరింత బలంగా కొట్టాలంటే రెండు పోతాయి. దెబ్బ కాచుకుంటే కూడా కొంత కరుగుతుంది. ఈ చివరిది నాకు ఎవరూ చెప్పలేదు, దెబ్బ తిని తెలుసుకున్నాను.

రెండో రౌండ్. నేను ముందున్నాను, కాచుకుంటూ సమయం గడిపితే చాలనుకున్నాను. వెనక్కి జరుగుతూ గోడ దగ్గరికి చేరాను. మావాడు వచ్చిందల్లా నొక్కుతున్నాడు, నేను అన్నీ కాచుకుంటున్నాను. 'మామయ్యా, నీ రియూ పాలిపోయాడు చూడు' అన్నాడు. నిజమే. ఒంటి మీద రంగు పోయి బూడిదలా ఉన్నాడు. గళ్లు ఆరూ అయిపోయాయి. దాన్ని బర్నౌట్ అంటారు. ఆ స్థితిలో డ్రైవ్ గేజ్‌తో చేసే పని ఒక్కటీ చేయలేము, ప్రత్యేకమైన దెబ్బలు కాచుకున్నా ప్రాణం కొద్దికొద్దిగా పోతుంది. మావాడు అప్పుడే డ్రైవ్ ఇంపాక్ట్ కొట్టాడు. నేను కాచుకున్నాను. కాచుకున్నా వీపు గోడకు కొట్టుకుంది, రియూ తల తిరిగి తూలుతూ నిలబడిపోయాడు. నా చేతిలో కంట్రోలర్ ఉంది కానీ చేయగలిగింది ఏమీ లేదు. అక్కడితో ఆ రౌండ్ పోయింది.

ఆ క్షణంలోనే నాకు ఈ ఆట అర్థమైంది. ఇందులో కాచుకోవడం ఉచితం కాదు. తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నవాడికి కూడా ఖర్చవుతూనే ఉంటుంది. ఊపిరి ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు చూసుకుంటూ కొట్లాడాలి. పది నిమిషాల డెమోలో కలిగిన ఈ ఒక్క అభిప్రాయం ఇన్నేళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. నేను గెలిచిన రౌండ్లలో ఏమి చేశానో ఇప్పుడు గుర్తు లేదు, ఆ ఓడిన రౌండ్ మాత్రం కళ్లకు కట్టినట్టు ఉంది.

మావాడు ఆడింది మోడర్న్ అనే పద్ధతిలో. కింద‑మూల‑ముందు అని వేళ్లు తిప్పనక్కర్లేదు, ఒక బటన్, ఒక దిశ చాలు. దానికి బదులుగా అలా కొట్టిన ప్రత్యేకమైన దెబ్బ బలం 20 శాతం తగ్గుతుంది, మామూలు దెబ్బలు కొన్ని అసలు ఉండవు. ఆ కదలికలు నేర్చుకోవడానికి పార్లర్‌లో ఎన్ని రూపాయి బిళ్లలు ధారపోశానో తలచుకుని మొదట నాకు మనసు ఒప్పలేదు. కానీ పక్కన వాడి ముఖం చూశాను. మొదటి రౌండ్‌లోనే వాడు 'ఏది నొక్కాలి' అని అడగడం మానేసి 'ఎప్పుడు నొక్కాలి' అని ఆలోచించడం మొదలుపెట్టాడు. నాకు ఆ స్థితికి రావడానికి నెలలు పట్టింది. ఫైటింగ్ గేమ్‌లోని ఆనందమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. దాన్ని కొత్తవాడికి మొదటి రోజే అందిస్తే ఎవరికి నష్టం? ఈ విషయంలో నా అభిప్రాయం ఆ కుర్చీలోనే మారింది, మళ్లీ మారలేదు. అందుకే వీలైతే ఫైటింగ్ గేములు తెలియనివారిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. మీ వేళ్లకు అలవాటైనవి వాళ్ల కళ్లకు కొత్తగా కనిపిస్తాయి.

ఇప్పుడు తప్పుల సంగతి. డ్రైవ్ ఇంపాక్ట్ ఆటను పాడుచేస్తుందని ఆ రోజు గట్టిగా నమ్మాను. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే వేరేగా కనిపించింది. ఆట సెకనుకు 60 ఫ్రేముల, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి మారే 60 బొమ్మల, వేగంతో నడుస్తుంది, ఆ దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు పడుతుంది. అంటే 0.43 సెకను. కళ్లతో చూసి వేలు కదిలించడానికి మనిషికి దాదాపు పావు సెకను చాలు. అది వస్తుందని ఎదురుచూసేవాడు చూసి తిరిగి డ్రైవ్ ఇంపాక్ట్ కొట్టవచ్చు, అప్పుడు ఆలస్యంగా కొట్టినవాడిదే పైచేయి. దగ్గరుంటే త్రో, అంటే పట్టుకుని విసరడం, కూడా పనిచేస్తుంది. డెమో హాల్లో అది అంత భయంకరంగా కనిపించడానికి కారణం ఒక్కటే: దాన్ని ఎవరూ అంతకుముందు చూడలేదు. ఆట 2023 జూన్ 2న విడుదలైంది. కొన్ని వారాలు తిరిగేసరికి ఆలోచన లేకుండా ఆ దెబ్బ కొట్టినవాళ్లే ఓడిపోవడం మొదలైంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. డ్రైవ్ రష్ అని ఒకటుంది. ఆకుపచ్చ వెలుగుతో పాత్ర ఒక్క ఉదుటున ముందుకు దూసుకెళ్తుంది, అంతే. చప్పుడు లేదు, సిరా చిమ్మడం లేదు. ఆ రోజు దాన్ని నేను ఒక్కసారి కూడా వాడలేదు. వరుసలో చూసిన తెరల మీద ఎవరైనా వాడినా నా కంటికి ఆనలేదు. మామూలు దెబ్బ మధ్యలోంచి అలా దూసుకెళ్లాలంటే ఆరు గళ్లలో మూడు పోతాయి. అంత ఖర్చు పెట్టి ముందుకు పరిగెత్తడం దేనికి అనుకున్నాను. కానీ అలా దూసుకెళ్లి కొట్టిన మామూలు దెబ్బ తర్వాత, ఎదుటివాడికంటే ముందు కదలడానికి, మనకు 4 ఫ్రేములు అదనంగా కలిసొస్తాయి. ఈ ఆటలో అతి వేగమైన దెబ్బకు పట్టేది కూడా 4 ఫ్రేములే కాబట్టి అది ఎంత పెద్ద లాభమో అర్థం చేసుకోండి. ఇప్పుడు పెద్ద పోటీలు చూస్తే ఆట అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. డెమోలో రొద చేసింది ఒకటి, ఆటను శాసించింది మరొకటి.

కాబట్టి మీరు వెళ్లినప్పుడు అందరూ కేకలు వేసే దెబ్బను ఒకటి రెండు సార్లు ఆడి పక్కన పెట్టేయండి. బటన్ల వివరాలు చూపించే పేజీ ఏదైనా ఉంటే ఒకసారి పైనుంచి కిందకు చదవండి, పేరు ఉండి ఎవరూ వాడని పనిని వెతికి రెండు మూడు సార్లు వాడి చూడండి. కూర్చోగానే ఏ బటన్ ఏమిటో సరిచూసుకోండి, అందుకు పది సెకన్లు చాలు. హాల్లో చుట్టూ ఉన్న గోలకు ఆట శబ్దం సరిగా వినిపించదు కాబట్టి సంగీతం, దెబ్బల చప్పుళ్ల గురించి ఏ అభిప్రాయమూ ఏర్పరచుకోకండి. దెబ్బ బరువు సగం చెవికే తెలుస్తుంది. హాల్లో నాకు తేలికగా అనిపించిన చున్‌లీ తన్నులు ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడినప్పుడు వేరే తన్నుల్లా ఉన్నాయి.

బయటికి రాగానే, స్నేహితులతో మాట్లాడకముందే, అనిపించింది రాసుకోండి. వరుసలో పక్కవారి మాటలు మన అభిప్రాయాల్లో కలిసిపోవడానికి ఎంతోసేపు పట్టదు. నేను ఫోనులో మూడు వాక్యాలు రాసుకున్నాను, అవి ఇంకా ఉన్నాయి: 'ఇంపాక్ట్ మరీ ఎక్కువ. వేళ్లకు హాయిగా ఉంది. కాచుకుంటే రంగు పోయింది, ఎందుకో కనుక్కోవాలి.'

మరుసటి రోజు ఉదయం ఆ మూడో వాక్యం కోసమే మళ్లీ వరుసలో నిలబడ్డాం. ఈసారి నేను ఒక్క దెబ్బా కొట్టకుండా రౌండ్ మొత్తం కాచుకుంటూ, ఏ దెబ్బకు ఆ ఆకుపచ్చ పట్టీ ఎంత తగ్గుతోందో చూశాను. మావాడు పక్కనుంచి గళ్లు లెక్కపెట్టాడు. మీకు రెండోసారి ఆడే వీలు దొరికితే అలాగే ఒక రౌండ్ వదులుకోండి.